దుమ్ము పెట్టి ఊదిన పలక

మా అమ్మకు దుమ్మంటే పగ. ఏ అమ్మకైనా అంతే కదా అనుకోకండి, మా అమ్మది మామూలు పగ కాదు. సాయంత్రం నాయన పలకల ఫ్యాక్టరీ నుంచి వచ్చే వేళకు గడప ముందున్న బండమీద నిండు బకెట్, అందులో తేలుతూ ఒక చెంబు సిద్ధంగా ఉండేవి. నాయన సైకిల్ గోడకు ఆనించి, చొక్కా విప్పి వీధివైపు తిరిగి దులిపి, తువ్వాలుతో తల దులుపుకుని ఆ బండమీద నిలబడాలి. అమ్మ నెత్తిన నీళ్ళు పోయాలి. ఆ తరువాతే గడప దాటడం. చలికాలమైనా, చుట్టాలు వచ్చి వరండాలో కూర్చుని ఉన్నా మినహాయింపు లేదు. ఒకసారి వెలిగండ్ల నుంచి మా మేనమామ వచ్చి, "ఏందక్కా, బావను బర్రెను కడిగినట్ల కడుగుతుండావు" అని నవ్వాడు. "బర్రె అయితే నోరు మూసుకుని నిలబడేదిరా. ఈయన చలి చలి అని గోల" అంది అమ్మ.

మార్కాపురంలో పుట్టిన వాళ్ళకు ఆ దుమ్ము సంగతి చెప్పనక్కర్లేదు. తెలియని వాళ్ళకోసం చెబుతున్నాను. పలకరాయి కోస్తే, రుద్దితే వచ్చే దుమ్ము మైదాపిండికన్నా మెత్తగా ఉంటుంది. బూడిద రంగు. కిటికీ ఊచలమీద, ఆరేసిన బట్టలమీద, ఊరగాయ జాడీ మూతమీద, ఎక్కడ చూసినా అదే. అమ్మ రోజంతా తడిగుడ్డ చేతిలో పట్టుకుని దానితో యుద్ధం చేసేది. ఎప్పుడూ ఓడిపోయేది. మర్నాడు మళ్ళీ మొదలుపెట్టేది.

అలాంటి ఇంట్లో పుట్టిన నేను పెద్ద చదువులు చదివి ఏం చేశాను? దుమ్ము చదివాను. బెంగళూరులో ఒక పరిశోధనా సంస్థలో చేరి, ఆకాశంలో ఎక్కడో ఉన్న చిన్న చిన్న గెలాక్సీలలో వాయువు ఎంత ఉంది, దుమ్ము ఎంత ఉంది, వాటిలోంచి నక్షత్రాలు ఎలా పుడుతున్నాయి అని లెక్కలు వేస్తూ కూర్చున్నాను. ఈ సంగతి మొదటిసారి చెప్పినప్పుడు అమ్మ కందిపప్పు ఏరడం ఆపి నావైపు చూసింది. "ఈ ఇంట్లో దుమ్ము తిని బతికేవాళ్ళు ఒకరు చాలరా? నువ్వు కూడా అందులోకేనా?" అంది. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది. "నా దుమ్ము నీ ఇంట్లోకి రాదులే" అన్నాను. అది ఎంత అమాయకమైన మాటో అప్పుడు తెలియదు.

నాయనది పలకలు ఏరే పని. తర్లుపాడు దగ్గర మాకు కంది, ఆముదం పండే మెట్టచేను ఉంది. వాన పడితే పంట, లేకపోతే లేదు. లేని ఏళ్ళే ఎక్కువ కాబట్టి నాయన పెళ్ళికి ముందే ఫ్యాక్టరీకి వెళ్ళాడు. మొదట రాయి చీల్చాడు, తరువాత కోత మిషను దగ్గర నిలబడ్డాడు, చివరికి ఏరే బల్ల ఆయనదైంది. కోసి నున్నగా రుద్దిన పలక, చెక్క చట్రం ఎక్కేముందు ఆయన చేతిలోంచి పోవాలి. వేలి కణుపుతో కొట్టి చప్పుడు వినేవాడు. ఖంగుమంటే మంచిది, మొద్దుగా పలికితే పక్కకు. అది ఎవరైనా చేసేదే. వెంట్రుకవాసి చీలికలు మాత్రం ఆ చప్పుడుకు దొరకవు. వాటికోసం నాయనకు ఒక పద్ధతి ఉండేది. బల్లమీద పేరుకున్న దుమ్మునే చిటికెడు తీసి పలకమీద వేసి, బొటనవేలితో అంతటా పూసేవాడు. పలకను కంటి ఎత్తుకు లేపి, ఏటవాలుగా పట్టుకుని, పెదవులు దగ్గరికి తెచ్చి ఉఫ్‌మని ఊదేవాడు. దుమ్మంతా లేచిపోయేది. చీలిక ఉంటే, అందులోకి దూరిన దుమ్ము అక్కడే ఉండిపోయి, నల్లటి పలకమీద తెల్లటి గీతలా కనపడేది. గుడ్డతో తుడిస్తే ఆ గీత కూడా తుడుచుకుపోతుంది. ఊపిరితోనే ఊదాలి. గట్టిగా ఊదకూడదు, మరీ మెల్లగానూ ఊదకూడదు. దీన్ని ఫ్యాక్టరీలో దుమ్ము పెట్టి చూడడం అనేవాళ్ళు.

"పిల్లోళ్ళు బళ్ళో పలక కింద పడేస్తారు పాపా. చీలిక ఉన్నదైతే మొదటి దెబ్బకే రెండు ముక్కలు. ఇంటికి పోతే వాళ్ళమ్మ వీపు విమానం మోత మోగిస్తుంది. ఆ దెబ్బలన్నీ నా లెక్కలోకే వస్తాయి" అనేవాడు నాయన. నవ్వుతూనే అనేవాడు కానీ ఆ మాటను నిజంగా నమ్మేవాడు.

ప్రకాశం జిల్లాను విడదీసి కొత్తగా గీసిన ఏడాది ఎండాకాలంలో నేను ఇంటికి వచ్చాను. ఊళ్ళో ఎక్కడ చూసినా అదే మాట. మార్కాపురానికి జిల్లా రాలేదని అందరికీ మంటగా ఉంది. నాయన మాత్రం, "చీరాల అటు పోయె, కందుకూరు ఇటు పోయె, మన దుమ్ము మనకే మిగిలె. ఎవరూ అడగల్లేదు చూడు దాన్ని" అని నవ్వుతున్నాడు. పొద్దుగూకే వేళ మిద్దెమీద నీళ్ళు చల్లుకుని కూర్చున్నాం. కింద అమ్మ వంట చేస్తోంది. నాయన అడిగాడు. "ఇంతకీ నువ్వు చదివే దుమ్ముతో ఏం పని పాపా?"

చెప్పాను. నాకు ఆ ప్రశ్న ఎవరు వేసినా ప్రాణం లేచొస్తుంది, ఇక ఆగను. నక్షత్రాల మధ్య జాగాలో హైడ్రోజన్ వాయువు ఉంటుంది నాయనా అన్నాను. ఆ పరమాణువులు ఒంటరిగా తిరుగుతుంటాయి. రెండు కలిసి జంట కడితేనే మబ్బు చల్లబడుతుంది, చిక్కబడుతుంది, అప్పుడే లోపల నక్షత్రం పుడుతుంది. అంత పెద్ద మైదానంలో రెండు పరమాణువులు ఎదురుపడేది ఎట్లా? అక్కడే దుమ్ము పనికొస్తుంది. కొమరోలు బస్టాండులో బెంచీ ఉంటుంది చూడు, ఎవరెవరో వచ్చి కూర్చుని, మాటలు కలిసి, ఒకే బస్సు ఎక్కి పోతారు. దుమ్ము రేణువు అట్లాంటి బెంచీ. పరమాణువు వచ్చి దానిమీద ఆగుతుంది, ఇంకొకటి వచ్చి కలుస్తుంది, రెండూ జంటగా లేచిపోతాయి. పైగా దుమ్ము గొడుగులా నిలబడి, మండే నక్షత్రాల వెలుగు ఆ జంటలను విడగొట్టకుండా కాస్తుంది.

నాయన నోరు తెరుచుకుని విన్నాడు. "అంటే దుమ్ము లేకపోతే నక్షత్రాలే లేవంటావు."

"అంతే నాయనా" అన్నాను ఊపులో.

ఆయన లేచి మిద్దె అంచుకు వెళ్ళి కిందికి కేకవేశాడు. "ఏమే! విన్నావా? దుమ్ము లేకపోతే ఆకాశంలో నక్షత్రాలే లేవంట! నీ కూతురు చెబుతుంది, నేను కాదు!"

"నక్షత్రాలు వాటిపాటికి అవి ఉంటాయి. మీరు కిందికొచ్చి అన్నం తినండి" అంది అమ్మ కిందనుంచి.

ఆ మాట నాయనకు ఎంత నచ్చిందంటే, మర్నాడే ఫ్యాక్టరీ అంతా చెప్పేశాడు. చట్రాలు బిగించే ఆడవాళ్ళు, "అన్నా, ఇయ్యాల ఎన్ని నక్షత్రాలు పుట్టించినావు?" అని ఆటపట్టించేవారట. సాయంత్రం బండమీద నిలబడి, "ఇది మామూలు దుమ్ము కాదే, నక్షత్రాల ముడిసరుకు" అనేవాడు. "ముడిసరుకు వీధిలో దులిపి రా" అని అమ్మ చెంబు ఎత్తేది. నేను పగలబడి నవ్వేదాన్ని. బెంగళూరు తిరిగి వెళ్ళాక కూడా తలుచుకుని నవ్వుకున్నాను.

మరుసటి ఏడాది అమ్మ ఫోన్ చేసింది. అమ్మ మామూలుగా ఫోన్‌లో తిట్లతో మొదలుపెడుతుంది. ఆ రోజు తిట్టలేదు. "మీ నాయన మిద్దె మెట్లు ఎక్కుతా మధ్యలో కూర్చుంటుండాడు పాపా. దగ్గితే ఆగడం లేదు. ఆసుపత్రికి రమ్మంటే నామీదికి లేస్తాడు. నువ్వు రా" అంది. రైలెక్కాను. నల్లమల సొరంగాలు దాటి గిద్దలూరు వచ్చేదాకా కిటికీ పక్కన కూర్చుని, ఆయనకు ఏమైనా అయితే ఎట్లా అని ఒకటే ఆలోచన.

ఒంగోలు తీసుకెళ్ళాను. డాక్టరు ఎక్స్‌రే తీయించాడు, ఒక గొట్టంలోకి ఊదమన్నాడు, నడవమన్నాడు. నాయన చూపుడువేలికి చిన్న క్లిప్పు తగిలించాడు. అది వేలిగుండా ఎర్రటి వెలుగు పంపి, రక్తంలో ఆక్సిజన్ ఎంత ఉందో చెబుతుంది. నేను ఆ క్లిప్పునే చూస్తూ నిలబడ్డాను. నేను చేసే పని కూడా అదే. గెలాక్సీ నుంచి వచ్చే వెలుగును విడదీసి, అందులో ఆక్సిజన్ ఇచ్చే ఆకుపచ్చ గీతను పట్టుకుని, అక్కడ ఆక్సిజన్ ఎంతో లెక్క కడతాను. మా భాషలో హైడ్రోజన్, హీలియం తప్ప మిగతావన్నీ లోహాలే. ఆక్సిజన్ కూడా లోహమే. అవి తక్కువున్న గెలాక్సీలను లోహాల పేదవి అంటాం. అన్నేళ్ళు అక్కడ తక్కువ, ఇక్కడ తక్కువ అని రాసుకున్నాను. మా నాయన వేలిమీద తక్కువ అని చూసినప్పుడు మాత్రం ఆ అంకె రాసుకోలేకపోయాను.

డాక్టరు పెద్దగా మాటలు పెంచలేదు. "ఊపిరితిత్తుల్లో పలక దుమ్ము గడ్డకట్టింది. పోయిన ఊపిరి తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవాలంటే రేపటినుంచే దుమ్ములోకి పోవడం మానాలి. మానకపోతే ఉన్నదీ పోతుంది" అన్నాడు. నాయన బుద్ధిగా తల ఊపాడు. తిరుగు బస్సు పొదిలిలో ఆగినప్పుడు అరటిపళ్ళు కొనుక్కుని, ఒకటి నాకిచ్చి, "చిన్నోడు పాపా ఆ డాక్టరు. ఇంకా మీసం సరిగ్గా రాలేదు" అన్నాడు. అప్పుడే నాకు అర్థమైంది, ఈయన మానడు.

మానలేదు. ఇంటికి వచ్చిన మర్నాడే క్యారియర్ తగిలించుకుని సైకిలెక్కాడు. ఫ్యాక్టరీ సావుకారు మంచివాడే. పాతకాలపు వైశ్య కుటుంబం, నాయనను ఇంటిమనిషిలా చూసేవాడు. అందరికీ ముక్కుకు కట్టుకునే మాస్కులు తెప్పించాడు. అయితే మాస్కు కట్టుకుని పలక ఊదేది ఎట్లా? నాయన మాస్కు గడ్డం కిందికి లాక్కుని కూర్చునేవాడు. అమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది. ఆయన తొణకలేదు, బెణకలేదు. "నువ్వేమో దుమ్ము దుమ్మంటావు. చదువుకున్న పిల్ల ఏమనె? దుమ్ము లేకపోతే నక్షత్రాలే లేవనె గదా" అన్నాడు.

అమ్మ నావైపు తిరిగింది. ఆ చూపు నేను మర్చిపోలేను.

"విన్నావా? నీ మాటే పట్టుకుని చస్తుండాడు. నువ్వే చెప్పినావు, నువ్వే మాన్పించు. ఆయన నా మాట ఎన్నడూ వినలా, నీ మాటంటే చెవి కోసుకుంటాడు. ఈయనకేమైనా అయితే నీ నక్షత్రాలను నేను క్షమించను" అంది. నాకూ ఒళ్ళు మండింది. నేను చెప్పింది అబద్ధమా? ఆకాశంలో దుమ్ము గురించి చెబితే ఊపిరితిత్తుల్లోకి ఎక్కించుకోమని అర్థమా? ఇవన్నీ అరవాలనిపించింది. కానీ అమ్మ తడిగుడ్డతో తుడిచిన కిటికీ ఊచనే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది. ఆ గుడ్డ అందుకుని మిగతా ఊచలు నేను తుడిచాను.

ఆ సాయంత్రం నాయనను మిద్దె ఎక్కించలేదు. వరండాలోనే పక్కన కూర్చున్నాను. "నాయనా, అప్పుడు నీకు సగమే చెప్పినా. మిగతా సగం విను. అసలు నేను చదివేది దుమ్ము నిండిన పెద్ద గెలాక్సీలను కాదు. దుమ్ము బాగా తక్కువున్న చిన్నవాటిని. చిన్నవి గదా, పట్టు తక్కువ. లోపల పుట్టిన దుమ్మునూ లోహాలనూ నిలబెట్టుకోలేవు, బయటికి పోగొట్టుకుంటాయి. దుమ్ము అంతంతే, లోహాలూ అంతంతే. అయినా వాటిలో నక్షత్రాలు పుడుతుండాయి. నీలంగా, భగభగమండే నక్షత్రాలు. దుమ్ము లేకపోయినా పని ఆగదు."

నాయన ఆలోచించాడు. "దుమ్ము ఎక్కడనుంచి వస్తుంది మరి?"

"ముసలివై చచ్చిపోయిన నక్షత్రాల్లోంచే."

"ఆ నక్షత్రం పుట్టాలంటే దుమ్ము కావాలంటివి. అయితే ముందు ఏది పాపా?"

"ముందు నక్షత్రమే నాయనా. మొట్టమొదట దుమ్మే లేదు. మొదటి నక్షత్రాలు దుమ్ము లేకుండానే పుట్టినాయి. కష్టంగా పుట్టినాయి, కానీ పుట్టినాయి. ఈ చిన్న గెలాక్సీలను చూస్తే ఆ రోజులు ఎట్ల ఉండెనో కాస్త తెలుస్తుంది." నేను గెలిచానని నాకు లోపల సంబరంగా ఉంది. ఆయన తల ఊపుతున్నాడు. అక్కడితో ఆపి ఉంటే బాగుండేది. ఆపితే నేను నేనెట్లా అవుతాను? "వాటిలో వాయువు ఎంతుందో తెలుసుకోవడం మాత్రం తలనొప్పి. జంటకట్టిన హైడ్రోజన్ కంటికి కనపడదు. పెద్ద గెలాక్సీల్లో అయితే దాని పక్కన కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, దాని గుర్తు చూసి లెక్క కడతాం. చిన్నవాటిలో ఆ గుర్తు దొరకదు. గుర్తు లేదని వాయువే లేదనుకుంటే మోసపోతాం. అందుకని ఉన్న కాస్త దుమ్ము ఎక్కడుందో వెతికి, దాని వేడిని పట్టుకుని, దాంతో వాయువును కనుక్కుంటాం" అన్నాను.

నాయన తొడ చరిచాడు. ఆయన ముఖం వెలిగిపోయింది. "అదే గదా నేను చేసేది! కంటికి కనపడనిదాన్ని దుమ్ము పెట్టి చూడడం! ఒసే, విన్నావా? బెంగళూరులో కూడా దుమ్ము పెట్టే చూస్తుండారంట!"

అంత సంతోషంగా ఆయనను నేను ఎప్పుడూ చూడలేదు. లోపల అమ్మ గిన్నె ఒకటి గట్టిగా పెట్టిన చప్పుడు వచ్చింది. మర్నాడు పొద్దున నేను లేచేసరికి సైకిల్ గోడ దగ్గర లేదు.

ఇంకొక ఉపాయం చేశాను. మా సంస్థలో కెమెరా కటకాలమీద దుమ్ము పడితే నోటితో ఊదరు, నోటి తడి పడుతుందని. రబ్బరు బుడ్డి ఒకటి ఉంటుంది, నొక్కితే దాని మూతిలోంచి గాలి వస్తుంది. దాన్ని తెప్పించి నాయనకిచ్చి, "మాస్కు తియ్యకుండా దీంతో ఊదు" అన్నాను. పట్టుకుపోయాడు. సాయంత్రం వెనక్కి తెచ్చాడు. "ఇది అన్నిటికీ ఒకే తీరుగా ఊదుతుంది పాపా. చీలికలో దుమ్ము కూడా లేపేస్తుంది. పైగా నొక్కినప్పుడల్లా పీప్ పీప్ మంటుంది, అందరూ ఒకటే నవ్వు" అన్నాడు. ఆ బుడ్డి అమ్మ చేతికి పోయింది. బెల్లం డబ్బా చుట్టూ చేరిన చీమలమీద ప్రయోగించింది. దానికి మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది.

ఆ తరువాత నా ఓపిక అయిపోయింది. ఒకరోజు ఆయన బండమీద నిలబడి, దగ్గు ఆగక సైకిల్ పట్టుకుని వంగిపోయినప్పుడు వీధి అంతా వినేటట్టు అరిచాను. "నీ దుమ్ము లేకపోతే లోకం ఆగిపోదు నాయనా! ఏమనుకుంటుండావు? నిన్ను చూడలేక అమ్మ సగం అయిపోయె! నీకు మేమెవరమూ పట్టమా?" ఎదురింటి వాళ్ళు బయటికి వచ్చి చూశారు. నాయన దగ్గు ఆగేదాకా ఉండి, మెల్లగా అన్నాడు. "లోకం ఆగదులే పాపా. ఏరే బల్ల ఆగుతుంది. నేను లేకపోతే వాళ్ళు చీలికలు ఉన్నవి కూడా చట్రం ఎక్కించేస్తారు." అమ్మ చెంబు ముంచి నీళ్ళు పోసింది.

నా సెలవు అయిపోవచ్చింది. బట్టలు సర్దుకుంటుంటే అటకమీద నా చిన్నప్పటి పలక దొరికింది. నేను అ ఆలు దిద్దిన పలక. నాయన తన చేత్తో ఏరి తెచ్చినది, చట్రం మూలలు అరిగిపోయి ఉన్నాయి. బెంగళూరులో నా బల్లమీద పెట్టుకుందామని తుడిచి సంచిలో పెట్టుకోబోయాను. అది ఆదివారం మధ్యాహ్నం, ఫ్యాక్టరీ లేదు. వరండాలో కూర్చున్న నాయన చెయ్యి చాపాడు. "ఇట్ల తే. పరీక్ష చేయకుండా పలక నా ఇంట్లోంచి పోకూడదు."

"ఇన్నేళ్ళు అటకమీద ఉన్నదానికి ఇప్పుడేం పరీక్ష నాయనా?"

"తెమ్మంటుంటే."

ఇచ్చాను. కణుపుతో కొట్టాడు. ఖంగుమంది. పిట్టగోడ మీద వేలు రాసి, అక్కడ ఎప్పుడూ ఉండే దుమ్మును తీసి పలకమీద పూశాడు. కంటి ఎత్తుకు లేపాడు. అదే ఏటవాలు, అవే పెదవులు. ఊదాడు.

దుమ్ము కదలలేదు.

నేను ఆయన సరిగ్గా ఊదలేదనుకున్నాను. ఆయన కూడా అట్లానే అనుకున్నట్టుంది. ఊపిరి కూడగట్టుకుని మళ్ళీ ఊదాడు. పెదవుల దగ్గర ఉన్న దుమ్ము కాస్త జరిగింది, అంతే. మూడోసారి ప్రయత్నించబోతే దగ్గు వచ్చింది. పలకను ఒళ్ళో పెట్టుకుని దగ్గాడు. దగ్గు ఆగాక దాన్ని నాకు అందించాడు.

"నువ్వు ఊదు" అన్నాడు.

ఊదాను. దుమ్మంతా లేచి, అప్పుడే తలుపు దగ్గరికి వచ్చిన అమ్మ ముఖాన పడింది. పలకమీద, పైమూలనుంచి మధ్యదాకా, సన్నటి తెల్లటి గీత ఉంది.

నాయన దానిమీద వేలు పెట్టాడు. "ఉంది చూడు. నా ఊపిరికి కనపడలా." పలకను వెలుతురుకు తిప్పి చూశాడు. "ఇదిట్లయితే... ఈ మధ్య నేను పాస్ చేసి పంపినవాటిలో ఎన్ని చీలికలు పోయినాయో పాపా. ఊదుతుండానని అనుకుంటినే గానీ, ఊదడమే లేదు నేను. లేవని కాస్త దుమ్మును చేత్తో తుడిచేసి, గీత కనపడకపోతే మంచిదని పంపేస్తినే."

నాకు ఏడుపు, కోపం కలిసి వచ్చాయి. ఎక్స్‌రే చూపిస్తే కదలలేదు, అమ్మ ఏడిస్తే కదలలేదు, నేను ఆకాశమంతా కిందికి దించి చెబితే తొడ చరుచుకున్నాడు. ఎవరో పిల్ల చేతిలో పలక పగులుతుందంటే మాత్రం కదిలిపోయాడు. నీ ప్రాణంకన్నా పలకే ఎక్కువా అని అడగాలనిపించింది. అడగలేదు. ఆయన అట్లాంటి మనిషి కాకపోతే నా చేతికి ఆ పలకే వచ్చేది కాదు, నేను దిద్దేదాన్నే కాదు. ఆయన చెయ్యి పట్టుకుని కూర్చున్నాను.

"రేపొక్కరోజు పోతా. పేర్చిన కట్టలన్నీ విప్పి మళ్ళీ ఊదించమని సావుకారుకు చెప్పాల. ఎట్ల ఊదాలో ఆడోళ్ళలో ఒకరికి చూపిస్తా, మాస్కు కట్టుకుని దూరంగా నిలబడతా. ఆ తర్వాత పోను" అన్నాడు. అమ్మ గడప మీద కూలబడి, దుమ్ము పడ్డ ముఖం తుడుచుకోకుండా ఏడ్చింది. నేను టికెట్ రద్దు చేసుకున్నాను.

మర్నాడు చెప్పినట్టే వెళ్ళాడు. సాయంత్రం చీకటి పడకముందే వచ్చి, సైకిల్ గోడకు ఆనించి, చొక్కా దులుపుకుని బండమీద నిలబడ్డాడు. బకెట్, చెంబు ఎప్పటిలాగే ఉన్నాయి. అమ్మ నీళ్ళు పోసింది. నెత్తినుంచి, భుజాలనుంచి బూడిదరంగు నీళ్ళు జారి బండమీదుగా వీధి కాలువలోకి పారాయి. రోజూ నాలుగు చెంబులు పోసి లోపలికి రమ్మనే అమ్మ, ఆ రోజు కింద పారుతున్న నీళ్ళవైపే చూస్తూ పోస్తూనే ఉంది. రంగు పలచబడింది. ఇంకా పోసింది. బకెట్ అడుగుకు వచ్చింది.

"చాల్లేవే, చలేస్తాంది" అన్నాడు నాయన.

"ఉండయ్యా. తేటగా రానీ" అంది అమ్మ, ఇంకో బకెట్ తెమ్మని నాకు సైగ చేస్తూ.